చిన్నికృష్ణుడి పిండి అడుగులు

అనగనగా ఒక అడవిలో, మనుషులు దారి మరిచిపోయిన ఒక చిన్న గుడి ఉండేది. మనుషులు మరిచిపోతే మరిచిపోయారు, జంతువులు మాత్రం మరవలేదు. ఆ గుడిలో చిన్నికృష్ణుడు ఉండేవాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చేతిలో వెన్నముద్ద పట్టుకుని పాకుతుండే నల్లరాతి బుజ్జి విగ్రహం. మీ నాన్న అరచేతిలో పట్టేస్తాడు, అంతే ఉంటాడు. అయినా ఆ అడవికంతటికీ పెద్ద ఆయనే.

ఏటా కృష్ణాష్టమి వచ్చిందంటే ఆ అడవిలో ఎవరికీ కాలు నిలిచేది కాదు. మరి స్వామి పుట్టినరోజు కదా! చిలకలు తోరణాలు కట్టేవి. ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చేది, తెచ్చే దారిలో సగం నాకేసేది కూడా. ఏనుగవ్వ తొండంతో ఉట్టి కట్టేది. ఆ ఉట్టి కోసం ఎలుగుబంటి ఎగిరెగిరి కిందపడుతుంటే, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!" అని అందరూ పడీపడీ నవ్వేవారు.

అన్నింటికంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. అదే అడుగుల పని. గుడి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మంటపం పొడవునా, ఊయల దాకా బుజ్జి బుజ్జి పాదాలు వేయాలి. స్వామి ఆ అడుగుల మీదుగా నడిచి వచ్చి ఊయల ఎక్కుతాడని వాళ్ళ నమ్మకం. "అడుగులు చేరితేనే ఊయల" అనేది ఆ అడవి కట్టుబాటు. ఒక ఏడు పెద్ద గాలివానకు అడుగులు సగంలో చెరిగిపోయాయి. ఆ ఏడు ఊయల ఊగలేదు. పండగ పూట అందరూ ముఖాలు వేలాడేసుకుని ఇళ్ళకు పోయారు.

ఆ అడుగులు ఎవరు పడితే వాళ్ళు వేయలేరు. పిడికిలి బిగించి, చిటికెనవేలి వైపు పిండిలో అద్ది నేల మీద ఒత్తితే పాదం పడుతుంది. దాని పైన వేలికొసతో అయిదు చుక్కలు పెడితే కాలివేళ్ళు. మీ అమ్మ కృష్ణాష్టమికి గడపలో వేస్తుంది, చూశారుగా? అలాగే. ఏనుగుకు పిడికిలి లేదు, చిలకకు వేళ్ళు చాలవు. కాబట్టి ఆ పని ఎప్పుడూ కొండముచ్చులదే. ఎన్నో ఏళ్ళపాటు ఒక ముసలి కొండముచ్చు వేసింది. ఆ అవ్వ పోయాక, ఈ ఏడు ఆ పని మనవరాలికి వచ్చింది. ఆ మనవరాలి పేరు పొగడ.

పొగడకు నల్లటి ముఖం, బారెడు తోక, బోలెడంత పౌరుషం. అవ్వ దానికి పని నేర్పేటప్పుడు రెండే మాటలు చెప్పింది.

"ఒసేయ్ పొగడా! అడుగులు బియ్యప్పిండితోనే వేయాలి. వేసేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. అంతే."

"ఎందుకవ్వా?" అని పొగడ అడిగింది.

"వేస్తూ ఉండు, నీకే తెలుస్తుంది" అని అవ్వ నవ్వి ఊరుకుంది.

పండగ రోజు రానే వచ్చింది. పొగడ తెల్లవారకముందే వాగులో మునిగి వచ్చింది. చెరువుగట్టు గడ్డిలో తనంతట తాను పండే నివ్వరి బియ్యాన్ని రాతి గుంటలో మెత్తగా దంచింది. కాస్త నీళ్ళు చిలకరించి పిండి కలిపింది. మోదుగాకు దొన్నెలో పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. దాని గుండె దడదడలాడుతోంది. "ఈ పిల్లకోతి చేత అవుతుందా?" అని నిన్న ఎవరో గుసగుసలాడటం దాని చెవిన పడింది మరి. కోతి అన్నందుకు కూడా కోపమే. కొండముచ్చును కోతి అంటే ఊరుకుంటుందా?

ఎడమ పిడికిలితో ఎడమ పాదం, కుడి పిడికిలితో కుడి పాదం. ఒత్తడం, చుక్కలు పెట్టడం, ముందుకు జరగడం. మంటపం సగం దాకా వచ్చేసరికి దానికి ఒక్కసారి చూసుకోవాలనిపించింది. 'ఎంత బాగా వేశానో చూడొద్దూ! ఒక్కసారి చూస్తే ఏం పోతుంది?' అనుకుంది. వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర ఒక్క అడుగూ లేదు!

నేల నేలలాగే ఉంది. చుట్టూ చూస్తే మంటపం పక్కన కౌజు పిట్టలు గింజలు ఏరుకుంటున్నాయి.

"మీరేనా నా అడుగులు గీకేసింది?" అని వాటి మీదికి ఎగిరింది.

"అయ్యో! మేము గడప తొక్కలేదు తల్లీ. స్నానాలు కాకుండా గుళ్ళోకి వస్తామా?" అన్నాయి కౌజులు.

పొగడ నమ్మలేదు. వాటిని దూరంగా తరిమేసి, మళ్ళీ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టింది. రెండోసారి ఇంకా త్వరగా వేసింది. సగం దాకా రాగానే మళ్ళీ తిరిగి చూసింది. మళ్ళీ లేవు! స్తంభం మీద ఉడుతలు తోకలాడిస్తూ కనిపించాయి.

"అయితే మీ పనేనన్నమాట!"

"మా తోకలు చూడు, పిండి అంటిందేమో. ఉత్తపుణ్యానికి మా మీద పడతావేంటి?" అని ఉడుతలు చరచరా పైకి పాకేశాయి. తోకలకు పిండి అంటలేదు. పొగడకు సిగ్గేసింది, కానీ పైకి చెప్పలేదు.

మూడోసారి ఉపాయం పన్నింది. నాలుగు అడుగులు వేసి, స్తంభం చాటున నక్కి కూర్చుంది. కాసేపటికి నేల పగులులోంచి ఒక చీమ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత బారులు బారులుగా చీమలు! ఒక్కొక్కటి ఒక పిండి రవ్వ ఎత్తుకుంది. చూస్తుండగానే బొటనవేలు మాయం, మడమ మాయం, పాదం మొత్తం మాయం.

"దొంగల్లారా!" అని పొగడ కిచకిచమంటూ దూకింది.

చీమలన్నీ చెదిరిపోయాయి. ఒక ముసలి చీమ మాత్రం కదలకుండా నిలబడింది. దాని పేరు నూకాలు. మొన్నటి ముసురులో దాని కాలు ఒకటి విరిగింది.

"కోపం చేసుకోకు పాపా" అంది నూకాలు. "వాగు పొంగి మా పుట్ట మునిగింది. దాచుకున్న గింజలు కుళ్ళిపోయాయి. గుడ్లను, పిల్లలను మోసుకుని వచ్చి ఇదిగో, ఊయల కట్టిన స్తంభం కింద పగులులో తలదాచుకున్నాం. ఏటా మీ అవ్వ..."

"మా అవ్వ పేరెత్తావంటే ఊరుకోను!" అని పొగడ అరిచింది. "ఇవి స్వామి అడుగులు. మీ తిండి కాదు. ఇవి చేరకపోతే ఊయల ఊగదు. నా పరువు గంగలో కలుస్తుంది. పొండి ఇక్కణ్ణించి!"

నూకాలు తల వంచుకుంది. "సరే పాపా" అని, చెదిరిన వాళ్ళను పోగుచేసుకుని పగులులోకి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయాయి సరే, మళ్ళీ రావని నమ్మకం ఏముంది? పొగడ తల పట్టుకుని కూర్చుంది. సూర్యుడు నెత్తి మీది నుంచి దిగుతున్నాడు. అప్పుడే రాళ్ళ సందులోంచి ఉడుం బాబాయి వచ్చాడు. ఏ మాటైనా ఒకసారి పట్టుకుంటే వదలడు. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా?

"ఏంటే పొగడా, అలా కూలబడ్డావు?" అన్నాడు. విషయమంతా విని పకపకా నవ్వాడు. "పిచ్చిదానా! బియ్యప్పిండి తిండి కదే. తిండి నేల మీద పెడితే తినరా? వాగు ఒడ్డున తెల్లటి ముగ్గురాయి ఉంది. దంచి దానితో వెయ్యి. చీమ కాదు కదా, చీమ ముత్తాత కూడా ముట్టడు. నెల్లాళ్ళు చెక్కుచెదరదు."

"బియ్యప్పిండితోనే వేయాలని అవ్వ చెప్పింది బాబాయ్."

"మీ అవ్వకు ముగ్గురాయి సంగతి తెలిసి ఉండదు. చూసేవాళ్ళకు కావాల్సింది అడుగులు. అవి దేనితో వేశావని ఎవడు నాకి చూస్తాడు?"

పొగడ ఊగిసలాడింది. అవ్వ మాట ఒక పక్క, పరువు ఒక పక్క. చివరికి పరువే గెలిచింది. వాగు ఒడ్డుకు పరిగెత్తి, రాయి తెచ్చి, దంచి, జల్లించింది. నాలుగోసారి గుమ్మం దగ్గర కూర్చుంది. ఈసారి అడుగులు ఎలా పడ్డాయనుకున్నారు! పాలలా తెల్లగా, నిన్ననే నడక నేర్చిన పిల్లవాడు నడిచొచ్చినట్టు పడ్డాయి. వెనక్కి చూస్తే అన్నీ ఉన్నాయి. ఇంకోసారి చూసింది. అన్నీ ఉన్నాయి. పొగడ మురిసిపోయి, ఎవరూ చూడటం లేదని రెండు గంతులు కూడా వేసింది.

సాయంత్రం అయ్యింది. అడవి అంతా గుడికి చేరింది. మిణుగురులు వచ్చి దీపస్తంభం మీద వాలాయి. ఏనుగవ్వ మంటపం బయట నిలబడి, చిన్నికృష్ణుణ్ణి తొండంతో పదిలంగా ఎత్తి, పూలతీగల ఊయలలో పడుకోబెట్టింది.

"అబ్బబ్బ! ఏం అడుగులే! మీ అవ్వ కూడా ఇంత తెల్లగా వేయలేదే పొగడా!" అంది ఏనుగవ్వ.

"కొండముచ్చు చెయ్యి అంటే చెయ్యే!" అన్నాయి చిలకలు. కౌజులు, ఉడుతలు కూడా కోపం మరిచి మెచ్చుకున్నాయి. పొగడ ఛాతీ ఉబ్బింది. ఊయల స్తంభానికి ఆనుకుని దర్జాగా కూర్చుంది.

అప్పుడు స్తంభం మొదట్లో సన్నగా ఒక గొంతు వినిపించింది. పొగడ కిందికి చూసింది. ఒక బుల్లి చీమ అడుగు అంచున నిలబడి, తెల్లటి పొడి నోట్లో పెట్టుకుని, "థూ థూ" అని ఉమ్మేస్తోంది. పక్కన నూకాలు.

"అమ్మమ్మా, ఇది పిండి కాదు. కరుకు రాయి" అంది బుల్లి చీమ. "కృష్ణుడి పుట్టినరోజుకు మనకు కూడా పెడతారన్నావుగా? పైన ఉట్టి పెద్దవాళ్ళకు, కింద అడుగులు మనకు అన్నావుగా?"

నూకాలు దాని తల నిమిరింది. "ఈ ఏడు వానలు కదమ్మా. స్వామికి కూడా ఆకలేసి ఉంటుంది. పిండి ఆయనే తినేసుంటాడు. పుట్టినరోజు ఆయనది కదా! పోనీలే, తిననీ. పడుకుందాం పద."

పొగడ గుండె కలుక్కుమంది. తిట్టి ఉంటే తిట్టించుకునేది. దొంగ అని ఉంటే తనూ నాలుగు అనేది. ఆ ముసలిది ఒక్క మాట అనలేదు. పైగా తప్పును స్వామి ఆకలి మీదికి నెట్టి పిల్లను ఓదారుస్తోంది. అవ్వ మాట అప్పుడు గుర్తొచ్చింది పొగడకు. వెనక్కి చూడకూడదు! తినేవాళ్ళ ముద్ద వంక చూడకూడదని మన పెద్దలు అంటారా, అనరా? అవ్వ ఏటా ముందుకు వేసుకుంటూ పోయేది. వెనకాల చీమలు తింటూ వచ్చేవి. అందరి కళ్ళూ ఊయల మీదే ఉండేవి గనుక ఎవరికీ తెలిసేది కాదు. అవ్వకు తెలుసు. తెలిసే చూడలేదు.

ఏనుగవ్వ ఊయల తాడు అందుకుంది. "ఇక ఊపుదామా?"

ఇప్పుడు నోరు మూసుకుంటే పొగడకు పేరుకు పేరు, పండగకు పండగ. నోరు తెరిస్తే రెండూ పోతాయేమో. పొగడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబుక్కున లేచి తాడు పట్టుకుంది.

"ఆగవ్వా! ఇవి అడుగులు కావు, రాయి. నేను తప్పు చేశాను!"

అంతా ముఖముఖాలు చూసుకున్నారు. పొగడ వెక్కుతూ జరిగిందంతా చెప్పింది. తనే చీమలను తరిమానని కూడా దాచకుండా చెప్పింది.

ఉడుం బాబాయి తోక కొట్టాడు. "చెప్పింది నేనేలే. అయినా ఇప్పుడు చెరిపేసి ఏం చేస్తావే? చీకటి పడుతోంది. కొత్తవి వేస్తే చీమలు తినేస్తాయి. అడుగులు చేరకపోతే ఊయల లేదు. కట్టుబాటు కట్టుబాటే!"

"అయినా వేస్తాను బాబాయ్" అంది పొగడ. తన పొడవాటి తోకతోనే మంటపమంతా ఊడ్చేసింది. అందరూ మెచ్చుకున్న ఆ తెల్లటి అడుగులను తనే చెరిపేసింది. చెరుపుతుంటే ఏడుపొచ్చింది, కానీ ఆగలేదు. తర్వాత రాతి గుంట దగ్గరికి పరిగెత్తి చూస్తే, అడుగున పిడికెడు పిండే మిగిలింది.

"ఇది చాలదే" అంది దిగులుగా.

ఏనుగవ్వ, నైవేద్యం అయ్యాక పెద్దలకు చలిమిడి చేద్దామని దాచిన బియ్యప్పిండి బుట్టను తొండంతో ముందుకు నెట్టింది. "మేము ఈ ఏడు తేనె తింటాంలే" అంది. తేనె తగ్గుతుందని ఎలుగుబంటి ముఖం కాస్త చిన్నబోయింది, అయినా తల ఊపింది.

పొగడ స్తంభం దగ్గర మోకాళ్ళ మీద వంగింది. "నూకాలవ్వా! నిన్ను తిట్టాను. నన్ను మన్నించు. మీ పిల్లలను లేపు. పిండి వేస్తున్నాను, రండి."

అయిదోసారి గుమ్మం దగ్గర కూర్చుంది. ఎడమ పాదం, కుడి పాదం. ఒత్తడం, చుక్కలు పెట్టడం, జరగడం. వెనక ఏదో చిరుసవ్వడి. మెడ తిరగబోయింది, కానీ తిప్పలేదు. 'నేను వేస్తాను, మీరు తినండి' అనుకుంటూ ముందుకే జరిగింది. చివరి పాదం ఊయల కింద ఒత్తి, అయిదు చుక్కలు పెట్టి చెయ్యి దులుపుకుంది.

అందరూ వెనక్కి చూశారు. మంటపంలో ఆ చివరి పాదం తప్ప ఇంకొక్క అడుగు లేదు.

"నేను చెప్పలా?" అన్నాడు ఉడుం బాబాయి. ఆయన గొంతులో కూడా దిగులే ఉంది పాపం. "ఒక్క అడుగుతో స్వామి ఎలా నడిచొస్తాడే?"

పొగడ తల దించుకుంది. "ఊయల ఊగకపోతే నాదే తప్పు. వాళ్ళది కాదు" అంది.

అప్పుడే దీపస్తంభం మీది మిణుగురులు ఒక్కసారి కిందికి దిగాయి. మంటపం నేల మెరిసింది. అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. గుమ్మం దగ్గర నుంచి ఊయల దాకా సన్నగా, తెల్లగా ఒక బారు కదిలి వస్తోంది! చీమలు! వేలకు వేల చీమలు. నల్లటి ఒంటి మీద ఒక్కో తెల్లటి పిండి రవ్వ. వాటి ఇల్లు ఊయల స్తంభం కిందే కదా! పొగడ అడుగులు వేసిన దారినే, ఆ అడుగుల పిండినే నెత్తిన పెట్టుకుని ఊయల దగ్గరికి నడిచి వస్తున్నాయి. అన్నింటికంటే ముందు, విరిగిన కాలితో కుంటుకుంటూ నూకాలు. దాని పక్కన తన తలకంటే పెద్ద రవ్వ మోస్తూ, తూలుతూ, ఎవరైనా సాయం పడతామన్నా ఇవ్వనంటూ బుల్లి చీమ.

ఏనుగవ్వ తొండం పైకెత్తింది. "ఇన్నేళ్ళ నుంచి అడుగులు వేయడం చూశాను గానీ, అడుగులు నడవడం ఇవాళే చూస్తున్నానర్రా!"

ఉడుం బాబాయి ఆ బారు వెంట ఊయల దాకా చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అడుగులు చేరితేనే ఊయల అన్నారు పెద్దలు. చేరాయిగా మరి! ఇంకా చూస్తారేంటి, ఊపండి!"

ఏనుగవ్వ తాడు లాగింది. ఊయల ఊగింది. చిలకలు జోలపాట అందుకున్నాయి. ఎలుగుబంటి ఉట్టి కోసం ఎగిరి యథాప్రకారం కిందపడింది. స్తంభం కింద పగులులో చీమల పిల్లలు పొట్టలు నిండి, పాట సగంలోనే నిద్రపోయాయి.

ఆ ఏటి నుంచి ఆ అడవిలో కొత్త వాడుక ఒకటి మొదలైంది. పొగడ గుమ్మం దగ్గర మొదటి పాదం ఒత్తగానే అందరూ ముఖం అటు తిప్పుకుంటారు. ఏనుగవ్వ కూడా చూడదు. ఉడుం బాబాయి అయితే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఎవరైనా తొంగి చూస్తున్నారని అనుమానం వచ్చినా తోకతో ఒక్కటి అంటిస్తాడు. మొదటి తెల్లటి రవ్వ ఊయల కిందికి చేరిందని బుల్లి చీమ కేక వేశాకే అందరూ కళ్ళు తెరుస్తారు, ఊయల ఊపుతారు.

నీతి: అందరికంటే చిన్నవాళ్ళ కడుపు నిండినప్పుడే దేవుడి పండగ నిండుతుంది. పెట్టే చెయ్యి ముందుకే సాగాలి, ఎవరు తిన్నారని వెనక్కి తిరిగి చూడకూడదు.